నాలుగో అర

బావమరిదీ,

అసలీ ఉత్తరం రాయకపోదును. "మా దగ్గరికి వచ్చెయ్యండి బావా" అని నువ్వు రెండోసారి కూడా పిలవబట్టి కలం పట్టాను.

మేకుల కొట్లో బతుకంతా మేకులూ మరలూ అరల్లో సర్దినవాణ్ణి కదా, ముసలితనంలో బౌద్ధుల అభిధర్మం పుస్తకం దొరికేసరికి సంబరపడిపోయాను. వాళ్లూ నా బాపతే! ఉన్నదంతా డెబ్బై అయిదు ధర్మాలుగా, అంటే ఇక విడగొట్టలేని మూలాంశాలుగా, విడదీసి అయిదు అరల్లో పెట్టారు: రూపం, చిత్తం, చిత్తంతో పుట్టే భావాలు, వీటిలో దేనికీ చెందనివి, పుట్టుకే లేనివి. మనిషి అనేది మాత్రం ఎక్కడా లేదు.

ఆ మాటే మీ అక్కతో అంటే, "నేను లేనా? అయితే పొయ్యి మీద కూర మాడుతోంది, ఆ ధర్మాల్నే దింపమనండి" అంది. కూర నేనే దింపాను.

ఆవిడ పోయాక మళ్లీ చదివాను. నాలుగో అరలో 'అప్రాప్తి' అని ఒకటుంది. దక్కకపోవడం కూడా నిజంగా ఉన్నదేనట. పండితులు దానికి వేరే లెక్క చెబుతారులే. నాకు మాత్రం ఈ రెండు గదుల్లో దాని బరువు తెలుస్తోంది. వాదించే మనిషి లేక గోడకు చదివి వినిపిస్తున్నాను. అందుకే వస్తున్నాను.

ఈ ఉదయం టికెట్ కిటికీ దగ్గర ఎంతమందని అడిగితే "ఇద్దరం" అన్నాను. టికెట్లు చేతికొచ్చాక ఒకటి వెనక్కిచ్చేశాను.

మీ బావ