ఏలూరు కాలవకు తొలినీళ్ళు

బెజవాడ, జూన్ 1974

బసవపున్నయ్య గారికి,

మన బెజవాడ గైడు పుస్తకంలోంచి, కాలవకు తొలినీళ్ళొచ్చే వేళ చూడమన్న గంగారత్నం సలహా కొట్టేశారట. చేపలమ్మే మనిషి మాట, పైగా తేదీ చెప్పలేని వింత, గైడుకెందుకన్నారట. గుడివేళలకు మాత్రం ఆరు పేజీలిచ్చారు.

నిన్న వేకువన ఆమె నన్ను ఏలూరు కాలవ వంతెన మీదికి తీసుకెళ్ళింది.

"మాటాడకుండా చూడండి బాబూ, మీకు కష్టమేననుకోండి" అంది.

వేసవంతా ఎండిన కాలవలోకి తొలినీళ్ళు ఎండుటాకుల్ని ముందుకు తోసుకుంటూ, నిద్రకళ్ళ పిల్లలా తడబడుతూ వచ్చాయి. జనం పసుపుకుంకుమలు చల్లారు. ఏ దేవుణ్ణీ నమ్మని నేనూ చెయ్యి చాచాను. ఆమె చిటికెడు పసుపు పెట్టింది.

"ఇది పుస్తకంలో పడుద్దాండీ?" అనడిగింది.

పడుతుందని మాటిచ్చాను. ఆమె పేరుతో సహా వెయ్యండి. చోటు చాలకపోతే నా ముందుమాట తీసెయ్యండి.

ఇట్లు,
మీతో తగువు తీరని మిత్రుడు