ఎండకు వచ్చిన వరద

అన్నా,

నువ్వు కొట్టుకుపోయి నేటికి ఏడాది. టమోటా లోడుతో మంచుకొండల దాకా పోయి, అక్కడ ఏటి ఇసుకలో లారీ ఆపి స్నానానికి దిగావట. మబ్బు లేనప్పుడు ఏటికి భయపడటం మనకెక్కడ తెలుసు? ఎండ ముదిరితే మంచు కరిగి వరదొస్తుందని, నిన్ను తేవడానికి పోయినప్పుడు అక్కడివాళ్లు చెప్పారు.

ఐరాల పక్కన మన ఏరు ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది. మధ్యాహ్నం పిల్లలు అందులో క్రికెట్ ఆడుతుంటే నాయన గట్టు మీద నిలబడి అరిచాడు.

"ఎండ బాగా కాస్తా ఉండాది. ఎక్కి రాండబ్బా, నీళ్లొస్తాయి!"

ఒక్కడు నవ్వినా చెంప పగలగొట్టేదాన్నే. ఎవరూ నవ్వలేదు. బ్యాట్లు పట్టుకుని గట్టెక్కేశారు. ఏట్లో ఎవరూ మిగల్లేదు.

నాయన మాత్రం ఇసుక వైపే చూస్తూ ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.