ఎవరూ రాని బడి

ఇల్లందు, జూలై 4

ప్రియమైన సువర్ణక్కకు,

ముందుగా యావత్ మానవజాతికీ, ఈ ఉత్తరం మోసుకొచ్చే ఆర్టీసీ వారికీ శిరసు వంచి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఇందులో నీ తమ్ముడి కీర్తి కొంచెం బరువుగా ఉంటుంది. బస్సు మొరాయిస్తే బాధ్యత నాదే.

పోయిన నెల ఒక ఆదివారం, నువ్వు కొత్తగా చేరిన బడి చూద్దామని చెప్పకుండా బండి తీశాను. దమ్మపేట దాటాక దారి తప్పాను. సిగ్నల్ లేదు. నేను తప్పిపోతే నా కెమెరాకు పండగ! మూతపడ్డ రైస్‌మిల్లు, టికెట్ కిటికీలో కోడి పొదుగుతున్న టాకీసు, ఆపైన ఒక ఒంటిగది బడి. తాళం, పెచ్చులూడిన గోడ, వానకు వెలిసిన పేరు. 'ఎవరూ రాని బడి' అని ఖమ్మం పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది. పేపర్లోనూ వేశారు. "మా బలరాం తీసిండు" అని నాన్న బొగ్గుబాయి దోస్తులందరికీ చూపిస్తున్నాడు.

కటింగ్ జతపరిచాను. ఉత్తరం తెచ్చిచ్చే కండక్టర్ రాజేషన్నకు చాయ్ తాగించు.

నీ జగత్ప్రసిద్ధ తమ్ముడు,
బలరాం

జూలై 7

ప్రియమైన జగత్ప్రసిద్ధుడికి,

నీ కటింగ్ కంటే ముందే పేపర్ మా గూడేనికి వచ్చింది. నువ్వు దారి తప్పలేదురా. అది నా బడే! ఆదివారం తాళం వెయ్యక ఏం చేస్తారు?

పదకొండు మంది పిల్లలు ఉండేవాళ్లు. "బడి బంద్ అయిందట గద టీచరమ్మా, పేపర్ల పడ్డది" అంటూ జమ్లి అవ్వ మనవడిని హాస్టల్‌లో వేసింది. "నేను రోజూ వస్తున్న గదా అవ్వా?" అంటే, "నువ్వొస్తవ్ బిడ్డా, బడి ఉండొద్దా?" అంది. ఆమె వెనకే ఇంకో నలుగురు. ఇరవయ్యో తారీఖు ఆఫీసర్ తలకాయలు లెక్కపెడతాడు. చాలకపోతే బడి మూసేస్తారు, ఉన్న ఆరుగురూ రోజూ వాగు దాటి పక్క ఊరికి నడవాలి.

ఇది చాలదన్నట్టు, పిల్లలు నా పేరూ వాళ్ల పేర్లూ రంగులతో రాసి తలుపుకు కట్టిన బోర్డు ఆ ఆదివారమే గాలికి కొట్టుకుపోయింది. వెతికి వెతికి ఏడ్చారు.

జల్దీ రా. కెమెరా తెచ్చుకో.

నీ అక్క,
సువర్ణ

జూలై 21

ప్రియమైన తమ్ముడికి,

పదకొండు! ఆఫీసర్ రెండుసార్లు లెక్కపెట్టి సంతకం చేసిండు.

మొన్న వచ్చినప్పుడు నువ్వు ఇల్లిల్లూ తిరిగి బడికొచ్చే పిల్లల ఫోటోలు ఇచ్చావు కదా, జమ్లి అవ్వకు మాత్రం ఖాళీ పీట ఫోటో ఇచ్చావట. "మావోడేడి?" అంటే "హాస్టల్ల ఉన్నడు గదా అవ్వా, ఇది వాని జాగ" అన్నావట. తెల్లారి మొదటి బస్సుకు పోయి పిల్లవాణ్ణి తెచ్చుకుంది. ఆమెను చూసి మిగతా నలుగురూ వచ్చారు.

బడి వెనక పొదల్లోంచి బోర్డు వెతికి తెచ్చావని నిన్ను తెగ పొగుడుతున్నారు. ఒక్క పిల్ల మాత్రం తాడు పట్టుకుని చూసి, "టీచర్, తాడు తెగలే. గాలికి ముడి విప్పొస్తదా?" అని అడిగింది. ఏం చెప్పను?

అక్క

ఇల్లందు, జూలై 23

ప్రియమైన అక్కకు,

ఈసారి మానవజాతికి చెప్పుకునేదేమీ లేదు. బహుమతి వెనక్కి పంపాను. నాన్నకూ చెప్పాను.

ఆ ఆదివారం తలుపు మీద బోర్డు కళకళలాడుతోంది. పాడుబడ్డ బడికి అది నప్పలేదు. చదివితే నీ పేరు కనపడేది. నేను చదవలేదు. పొదల్లో పెట్టి, ఫోటో తీసుకుని, తిరిగి కట్టడం మరిచి వచ్చేశాను.

ఆ పిల్లకు నువ్వేం చెప్పకు. శనివారం బడికి వచ్చి అందరి ముందూ నేనే చెబుతాను: ముడి విప్పింది నేనే.

బలరాం