ట్యాంకులో ఖైదీ

మార్చి 2

కారు వచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో చార్జింగ్ పెడితే కరెంటుతో నడుస్తుంది. అది అయిపోతే పెట్రోలు అందుకుంటుంది. ఆ రెండో అవకాశం దానికి ఎన్నడూ ఇవ్వరాదని తీర్మానించడమైనది.

కారణం, రికార్డు నిమిత్తం: మెయిన్ రోడ్డు మీది పెట్రోల్ బంకు మా తోడల్లుడిది. పోయిన నెల అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు, అన్నగారు ఎంత ఎగిరినా ట్యాంకు ఎండితే నా దగ్గరికే రావాలిగా అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ అందరికంటే ఆలస్యంగా ఆపింది.

మార్చి 5

షోరూమ్ వాళ్లు మర్యాదకు కొంత పెట్రోలు పోసి ఇచ్చారు. విచారించగా అది తోడల్లుడి బంకులోదేనని తేలింది. శత్రువు సరుకు నా కారు కడుపులో ఉంది. దానిని ఖైదీగా పరిగణించి, ఒక్క చుక్క కూడా విడుదల చేయరాదని ఆదేశించుకున్నాను.

మార్చి 9

ఈ వాహనం పిల్లిలా నడుస్తుంది. బంకు ముందు నుంచి నాలుగుసార్లు నెమ్మదిగా పోనిచ్చాను. అతను తల ఎత్తలేదు. నిశ్శబ్దంగా తీర్చుకునే పగలో ఇదొక సాంకేతిక లోపం. అయిదోసారి హారన్ కొట్టాను. చెయ్యి ఊపాడు.

ఏప్రిల్ 20

మా ఆవిడ పిటిషన్: ఒకే బానెట్ కింద మోటారూ ఇంజనూ కిమ్మనకుండా కాపురం చేస్తున్నాయట, అక్కాచెల్లెళ్లను చేసుకున్న ఇద్దరు మగాళ్లకు ఏం మాయరోగమట. చెల్లెలి మొహం చూసి ఎన్నాళ్లయిందో తెలుసా అంది. పరిశీలించి త్రోసిపుచ్చడమైనది.

అక్టోబరు 11

నేటికీ ఖైదీ క్షేమం.

నవంబరు 3, ఉదయం 8

ఖైదీ తిరగబడ్డాడు. సరిగ్గా బంకు ఎదుట, నా ప్రమేయం లేకుండా, ఇంజన్ గర్రుమంది. తెర మీద సందేశం: ట్యాంకులో పెట్రోలు పాతబడింది, అది ఖర్చయ్యేదాకా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. తోడల్లుడు తల ఎత్తి చూశాడు. పిల్లినని ఎనిమిది నెలలు ఊరేగినవాడిని, ట్రాక్టరులా దాటిపోయాను.

మెకానిక్కును అడిగాను. వాడకపోతే పెట్రోలు కూడా అలుగుతుంది సార్, పాతది తగలబెట్టి కొత్తది పోయించండి అన్నాడు.

నవంబరు 4

వ్యూహం: పాత పెట్రోలును వీధుల్లో తిప్పి తిప్పి దహించివేయాలి. ట్యాంకు ఎండాక, నిండు బ్యాటరీతో బైపాస్ మీది వేరే బంకుకు వెళ్లాలి. మా ఆవిడ తానూ వస్తానంది. అభ్యంతరం కనిపించలేదు.

నవంబరు 9

నిన్న ట్యాంకు ఎండింది. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్నాను.

ఉదయం బయలుదేరాం. బైపాస్‌కు దారి మెయిన్ రోడ్డు మీదుగానే. బంకు వైపు కొరకొర చూస్తూ నడపడంలో తెర చూసుకోలేదు. కారు ఆగింది. బ్యాటరీ సున్నా.

రాత్రి ఆ ప్లగ్గు పీకి వాషింగ్ మెషీన్ పెట్టానని మా ఆవిడ అప్పుడు చెప్పింది. అది కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆమె ఒళ్లో చెల్లెలికి ఇష్టమైన బిస్కట్ల డబ్బా ఉంది. బైపాస్ బంకులో బిస్కట్లు ఎవరు తింటారన్న ప్రశ్న బయలుదేరేటప్పుడే వేసుకోవలసింది.

తోడల్లుడు వచ్చాడు. స్టీరింగ్ పట్టుకోండి అన్నగారూ అని, తానే వెనక నుంచి పంపు దాకా తోశాడు. చొక్కా తడిసిపోయింది. ట్యాంకు నింపాడు. అద్దం తుడిచాడు. భోజనాల నాటి ఆ మాట గుర్తుచేస్తాడని, నేను ఎనిమిది నెలలుగా నూరి పెట్టుకున్న జవాబుతో కూర్చున్నాను. మధ్యాహ్నం మీరిద్దరూ భోజనం చేసే వెళ్లాలి అన్నాడు. అంతే.

నవంబరు 10

అతను నవ్వలేదు. ఇది మాత్రం క్షమార్హం కాదు. పగ గడువు పొడిగించడమైనది.