వంకరపోయిన కుట్టు

అత్తా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున నీ ఫొటోకు పూలు పెట్టి, మన ఊరు మోకలో బస్సెక్కి బళ్లారికి పనికి వెళ్లాను. జీన్స్ కుట్టే చోట నా పక్క మిషన్ మీద ఇప్పుడు గంగ అనే అమ్మాయి ఉంది. పిల్లల కోసం హార్మోన్ మాత్రలు వాడుతోంది. మధ్యాహ్నం ఆమె కుట్టిన ప్యాంటు చూస్తే పక్క కుట్టు వంకరపోయి ఉంది. నా మిషన్ ఆపేశాను.

ఆరేళ్ల కిందట, నేనూ అవే మాత్రలు వాడుతున్నప్పుడు, అక్కడే దారాలు కత్తిరిస్తూ నా కుట్టు వంకరపోవడం నువ్వు ఇలాగే కనిపెట్టావు. నేనేమో కంటి ముందు మెరుపులు ఎండ వల్లే అనుకుని మజ్జిగ తాగి కూర్చున్నాను. మనవడి కోసం అందరికంటే ఎక్కువ మొక్కుకున్నది నువ్వే. అయినా మాత్రల అట్టను కొంగున కట్టుకుని, "బిడ్డ ఈ పొద్దు గాకుంటే రేపు. కండ్లు యాడ తెస్తాం? నడువు," అని ఆస్పత్రికి లాక్కుపోయావు. ఆ మందు కొందరికి కళ్ల మీద పడుతుందట. ఆపాక మెరుపులు పోయాయి. బిడ్డ రాలేదు. దానికి నువ్వు నన్ను ఒక్క మాటా అనలేదు.

గంగను అడిగితే, "మెరుపులు కనపడతాండాయక్కా. నిద్దర సాలక అనుకొంటి," అంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ మాత్రలు ఆపించి, కళ్లు పరీక్ష చేయించి, "మంచి టైముకు తెచ్చినారు. మీరు నర్సా?" అంది.

"కాదు మేడం, జీన్స్ కుడతా. ఇది మా అత్త నేర్పింది."

"ఆమె నర్సా?"

"దారాలు కత్తిరిస్తాండె," అన్నాను.

డాక్టరమ్మ అడగలేదు గానీ, నీ పేరు కూడా చెప్పాను.