ట్రాక్ పాడిన గొంతు

రజీ,

ఎలా ఉన్నావని రాయబోయి ఆగాను. నువ్వు పోయి పదకొండు నెలలు.

మన పాట హిట్టయిందే. మా మారేడ్‌పల్లి గదిలో ల్యాప్‌టాప్ మీద బీట్లు పేర్చి చేసిన ఆ డాన్స్ నంబరే. బోయిన్‌పల్లి బరాత్‌ల నుంచి మాల్స్ దాకా అదే మోగుతోంది. ఆటోలో ఆ పాట వస్తే దిగిపోయి నడుస్తున్నాను. ఇంత పెద్ద హిట్టొచ్చాక ఇంత ఒంటరిగా ఉంటుందని ఎవరితో చెప్పుకోను?

అందరి పాటలకీ ముందు నువ్వు ట్రాక్ పాడేదానివి. తర్వాత పేరున్న సింగర్ వచ్చి పాడగానే నీ గొంతు చెరిపేసేవారు. "మన గొంతు బస్సుల కర్చీఫే శైలూ, సీటు పట్టుడు వరకే" అని నవ్వేదానివి.

మన పాటకీ అలాగే అనుకున్నాం. ఈలోపు నీకు జ్వరం, ఆస్పత్రి... నేను చెరపలేకపోయాను, నీ గొంతుతోనే విడుదల చేశాను. మధ్యలో లైను తప్పి, "జెర ఆగు, మళ్ల పాడుత" అన్నావు చూడు, అది కూడా ఉంచేశాను. నువ్వు మాట్లాడిన మాట నా దగ్గర అదొక్కటే మరి. ఇప్పుడు జనం ఎగురుతూ అరిచేది ఆ ముక్కే. ఆ మాట అన్న మనిషి ఏమైందో ఒక్కరూ అడగరేం?

కంపెనీవాళ్లు పెద్ద సింగర్‌తో మళ్లీ పాడించి, నీ గొంతున్న పాటను అన్నిచోట్లా తీసేస్తామన్నారు. సరే అనేశాను రజీ. రోడ్డు మీద నువ్వు వినబడని రోజు ఒక్కటైనా కావాలనిపించింది. సంతకం మాత్రం మిగిలింది.

అంతలో మీ అక్క ఫోన్. లాలాగూడలో మీ ఇంటి ముందు నుంచి మన పాటతో పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే, మీ అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తిందట. డీజే బండి పట్టుకుని సందు చివరిదాకా నడిచిందట. పాట సంగతి నేను ఆమెకి చెప్పనేలేదు... ఏ మొహంతో చెప్పను?

మర్నాడు వెళ్లాను. అమ్మ తిట్టలేదు. పిల్ల ఇంకేమైనా పాడిందా అని అడిగింది, అంతే.

పాడావు కదా. లైను తప్పిన ఆ రోజే మళ్లీ మొదట్నుంచీ, తప్పు లేకుండా పాడావు. అది నా దగ్గరే ఉంది. ఇప్పటిదాకా తెరవడానికి ధైర్యం చాల్లేదు.

సంతకం పెట్టనని కంపెనీకి చెప్పేశాను. కోప్పడ్డారు. పడనీ.

ఆదివారం హెడ్‌ఫోన్స్ తీసుకుని మీ ఇంటికి వెళ్తున్నాను. ముందు అమ్మ వింటుంది. తర్వాత నేనూ వింటాను... చివరిదాకా. మాటిస్తున్నాను.

నీ శైలు