బీరు ఫ్రిజ్‌కి కొబ్బరికాయ

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ బహ్రెయిన్‌లో, అవాలి అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటి సారు బీరు పులియబెడుతున్నారు. తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడివి, నీకు కాక ఎవరికి చెప్పను?

ఈ వేడికి మొదటి డ్రమ్ము బీరు మరీ పులిసిపోయి చెడు వాసనొచ్చింది. "ఇంకోటి పాడైతే సామానంతా బయట పారేస్తా" అని మేడంగారు తేల్చి చెప్పేశారు. దాంతో సారు పాత ఫ్రిజ్ కొన్నారు. పైమూత తీసే రకమైతే నిండు డ్రమ్ము ఎత్తి దించాలి, నడుం పడిపోతుంది. అందుకని నిలువుది తెచ్చి, అరలు తీసేసి, డ్రమ్ము లోపలికి జరిపారు. చల్లదనం ఎక్కువ తక్కువ కాకుండా చూసే చిన్న కరెంటు డబ్బా పక్కన బిగించారు.

"దీనికి తడి తగలనివ్వకు సత్తెమ్మా" అని మరీమరీ చెప్పారు.

ఇంటికి కొత్త సామాను వచ్చింది కదా, ఊరికే ఉండలేక పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. నీళ్లన్నీ ఆ డబ్బా మీదే పడ్డాయి. టప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది.

"పూజ బాగా జరిగిందే!" అన్నారు మేడంగారు.

సారు మెయిన్ ఆపి, ప్లగ్ పీకి, ఆ డబ్బా పారేశారు. కొత్తది తెచ్చేదాకా లోపలి చల్లదనం పోకుండా ఫ్రిజ్ తలుపు ఎవరినీ తీయనివ్వకుండా నేనే కాపలా కూర్చున్నాను. కొత్త డబ్బాని నా చేతికందనంత ఎత్తులో బిగించారు.

ఇవాళ రుచి చూశారు. మేడంగారు రెండో గ్లాసు అడిగారు, సామాను ఇంట్లోనే ఉంటుంది. నాకూ కాస్త పోసి, ఎలా ఉందన్నారు సారు.

ఒకటే చేదు నాన్నా. నువ్వైతే మొహం మీదే అనేసేవాడివి. నేను బాగుందన్నాను.

సత్తెమ్మ